మావ నాటే మావ రాజ్

తెలుగు భాషలో ‘జాతి’ అనే మాటకు ఉన్నన్ని అర్థాలు తక్కువ మాటలకు ఉంటాయి. పుట్టుకను తెలిపే ‘జన్’ ధాతువు నుండి ఏర్పడిన ఈ పదం పశుపక్ష్యాదులలో ఒక వర్గాన్ని సూచిస్తుంది. ఛందశ్శాస్త్రంలో కంద ద్విపదాదులకు పేరవుతుంది. వ్యవహారంలో కులాన్ని, తెగను, దేశప్రజలందరినీ కూడా తెలుపుతుంది. ‘భారత జాతి’ అన్నప్పుడు నూటనలభై కోట్ల జనం స్ఫురిస్తారు. ‘గోండు జాతి’ అన్నప్పుడు అడవి అంచున ఉన్న కొన్ని గూడేలు కళ్ళ ముందు నిలుస్తాయి. పదం ఒక్కటే అయినా పరిధులు వేరు. అందువల్ల ప్రతి జాతికీ తన భవితవ్యాన్ని తానే నిర్ణయించుకునే హక్కు ఉన్నదని ఎవరైనా అన్నప్పుడు, ఆ జాతి ఏది, దాని హద్దులు ఎక్కడ, వాటిని గీయవలసినవారు ఎవరు అనే ప్రశ్నలు వెంటనే తలెత్తుతాయి. స్వయం నిర్ణయాధికారం అనే భావన చరిత్రలో ఒకచోట విముక్తి మంత్రమై, మరొకచోట నెత్తుటి కలహానికి కారణం కావడంలోని రహస్యం ఈ ప్రశ్నలలోనే ఉన్నది.

మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఈ భావనకు విశేష ప్రచారం లభించింది. లెనిన్, అమెరికా అధ్యక్షుడు విల్సన్ పరస్పర విరుద్ధమైన దృక్పథాలతోనే అయినా దీనిని ప్రకటించారు. విల్సన్ మంత్రివర్గంలో విదేశాంగ బాధ్యతలు నిర్వహించిన రాబర్ట్ లాన్సింగ్ మాత్రం ఈ మాట పేలుడు మందు వంటిదని 1918లోనే శంకించాడు. అతని శంక నిరాధారం కాదని ఆ శతాబ్ది చివర యుగోస్లావియా నిరూపించింది. ప్రతి తెగా తనకొక రాజ్యం కావాలని కోరినప్పుడు, ఆ రాజ్యంలో మిగిలిపోయే ఇతర తెగల గతి ఏమవుతుందో 1995 జూలైలో స్రెబ్రెనిట్సా పట్టణంలో లోకం చూసింది. అక్కడ దాదాపు 8 వేలమంది బోస్నియా ముస్లిం పురుషులను, బాలురను చంపివేశారు.

అయితే ఈ హక్కుకు రెండు ముఖాలు ఉన్నాయి. పరపాలన నుండి విడివడి వేరు రాజ్యంగా ఏర్పడడం బాహ్యమైనది. ఉన్న రాజ్యంలోనే ఉంటూ తన భూమి, భాష, ఆచారం, గ్రామపాలన విషయాలలో తన నిర్ణయం తాను చేసుకోవడం ఆంతరికమైనది. 1966 నాటి అంతర్జాతీయ మానవహక్కుల ఒడంబడికలు తమ మొదటి అధికరణంలోనే స్వయం నిర్ణయాధికారాన్ని పేర్కొన్నాయి. 1979లో వాటిని అంగీకరించినప్పుడు భారతదేశం, ఆ అధికరణం పరాయి పాలనలోని ప్రజలకే వర్తిస్తుందని విశదం చేసింది. 2007 సెప్టెంబరు 13న ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ఆదివాసీ ప్రజల హక్కుల ప్రకటన ఆంతరిక స్వయంపాలనను స్పష్టంగా గుర్తించింది. అదే ప్రకటన దేశాల సమగ్రతకు భంగం కలిగించే చర్యలకు తనలో తావు లేదని కూడా చెప్పింది. భారతదేశం దానికి అనుకూలంగా ఓటు వేసింది.

ఈ ఆంతరిక స్వయంపాలన చరిత్రను తెలుసుకోవడానికి ఐరోపా దాకా వెళ్ళనవసరం లేదు. గోదావరికి ఉత్తరాన ఉన్న పూర్వపు ఆదిలాబాద్ జిల్లా చాలును. ఆ సీమలో గోండులు, కోలాములు, పర్ధానులు, తోటీలు, నాయకపోడులు తరతరాలుగా నివసిస్తున్నారు. గోండులు తమను తాము ‘కోయితూర్’ అని చెప్పుకుంటారు. నేటి చంద్రపూర్ రాజధానిగా వారి రాజులు శతాబ్దాల పాటు పాలించారు. 18వ శతాబ్ది మధ్యలో ఆ రాజ్యం మరాఠాల వశమైంది. రాజ్యం పోయినా గూడెంలో పట్లా, దేవారి మాటకు ఉన్న మన్నన పోలేదు. తగవులు గూడెంలోనే తీరేవి. పోడు కొట్టుకున్న నేల రెండు మూడేళ్ళకు చవుడు దేరితే మరొక చోటికి పోయేవారు. భూమికి కాగితం ఉండాలనే ఊహ వారికి లేదు.

ఆ కాగితం లేకపోవడమే వారి పాలిట శాపమైంది. 20వ శతాబ్ది తొలి దశాబ్దాలలో నిజాం ప్రభుత్వం అడవులకు హద్దులు గీసి ‘రిజర్వు’ చేసింది. హద్దు లోపల పడిన పొలం పొలం కాదు. ఊరు ఊరు కాదు. పశువులను మేపినందుకు పన్ను, కట్టెలు తెచ్చుకున్నందుకు పన్ను. 1929లో కాజీపేట, బల్లార్షా రైలుమార్గం పూర్తి కావడంతో మైదానాల నుండి రైతులు, వర్తకులు, వడ్డీ వ్యాపారులు ఆ ప్రాంతానికి చేరడం సులభమైంది. వారు పట్టాలు రాయించుకోవడం నేర్చినవారు. ఆదిపర్వంలో నన్నయ వర్ణించిన ఖాండవ దహనాన్ని కావ్యంగా చదివేవారు అగ్నిదేవుని ఆకలిని, కృష్ణార్జునుల శౌర్యాన్ని మెచ్చుకుంటారు. ఆ అడవిలో కాపురం ఉన్నవారి పక్షాన నిలిచి చదివితే అదే కథ వేరు విధంగా వినిపిస్తుంది. ఇంద్రప్రస్థ వైభవం వారు కోల్పోయిన నేల మీదనే లేచింది.

1940లో కొమురం భీము తిరుగుబాటు ఈ నేపథ్యంలో జరిగింది. ఆసిఫాబాద్ ప్రాంతంలోని సంకెపల్లిలో పుట్టిన భీము యౌవనంలో కొంతకాలం అస్సాం తేయాకు తోటలలో పనిచేసి తిరిగి వచ్చాడని జనశ్రుతి. బాబేఝరి, జోడేఘాట్ మొదలైన పన్నెండు గ్రామాల గోండులను, కోలాములను అతడు ఒక్కటి చేశాడు. ప్రభుత్వం కొందరికి పట్టాలు ఇవ్వజూపినా, ఆ గ్రామాలపై తమకే అధికారం ఉండాలని భీము పట్టుబట్టాడని పెద్దలు చెప్పుకుంటారు. ‘జల్, జంగల్, జమీన్’ అనే మూడు మాటలు అతని పేరుతో కలిసి నేటికీ నిలిచి ఉన్నాయి. జోడేఘాట్ గుట్టలలో నిజాం పోలీసుల కాల్పులలో అతడు, అతని అనుచరులు మరణించారు. ఏటా ఆశ్వయుజ పౌర్ణమి నాడు ఆదివాసీలు అక్కడ అతని వర్ధంతి జరుపుతారు. భీము కోరినది నిజాం సింహాసనం కాదు, వేరొక దేశమూ కాదు. పన్నెండు ఊళ్ళ మీద ఆ ఊళ్ళవారి మాట చెల్లాలన్నదే అతని కోరిక. పైన చెప్పిన ఆంతరిక స్వయం నిర్ణయాధికారానికి ఇంతకన్న సూటి నిర్వచనం దొరకదు.

తిరుగుబాటును అణచిన ప్రభుత్వమే దాని కారణాలను తెలుసుకోవాలని సంకల్పించడం విశేషం. ఆస్ట్రియా దేశీయుడైన మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ మార్లవాయి గ్రామంలో నివాసం ఏర్పరచుకొని గోండుల జీవితాన్ని పరిశీలించాడు. వారి అశాంతికి మూలం భూమి పోవడమేనని నివేదించాడు. ఆయన సూచనలతో లక్ష ఎకరాలకు పైగా భూమికి ఆదివాసులకు పట్టాలు లభించాయి. మార్లవాయిలో గోండీ భాషలో బోధించే ఉపాధ్యాయుల శిక్షణ ఆరంభమైంది. కేస్లాపూర్ నాగోబా జాతరలో ఆయన కాలంలో మొదలైన దర్బారులో అధికారులు ఆదివాసుల మొరలను ఆలకించే ఆనవాయితీ నేటికీ సాగుతున్నది. ఆయన భార్య బెట్టీ సమాధి మార్లవాయిలోనే ఉన్నది. పరదేశీయులైన ఆ దంపతులను గోండులు తమవారిగానే భావించారు.

స్వాతంత్ర్యానంతరం రాజ్యాంగంలోని ఐదవ షెడ్యూలు ఈ ప్రాంతాలకు ప్రత్యేక రక్షణ కల్పించింది. 1959లో ఆంధ్ర ప్రాంతానికి చేసిన భూ బదలాయింపు నిబంధన 1963లో తెలంగాణకు విస్తరించింది. 1970లో దానిని మరింత కట్టుదిట్టం చేశారు. జనవ్యవహారంలో ‘వన్ ఆఫ్ సెవెంటీ’గా ప్రసిద్ధమైన ఆ చట్టం ప్రకారం షెడ్యూల్డు ప్రాంతంలోని భూమిని గిరిజనేతరులకు బదలాయించడం చెల్లదు. అది గిరిజనేతరుని చేతిలో ఉన్నా, మరొక గిరిజనేతరునికి అమ్మరాదు. ఇక్కడ ఒక సంగతి గమనింపదగినది. గోదావరికి దక్షిణాన ఉన్న పూర్వపు కరీంనగర్ జిల్లాలో షెడ్యూల్డు ప్రాంతమే లేదు. ఏటికి ఆవల నాయకపోడు రైతుకు ఉన్న కవచం ఈవల అదే తెగ రైతుకు లేదు. రక్షణ మనిషికి కాక మ్యాపులోని గీతకు లభించినది. అయినా కవచం ఉన్నచోట అన్యాయం ఆగిందని చెప్పడానికి వీలులేదు. చట్టం ఉండగానే భూములు చేతులు మారాయి. ఆ ఆవేదనతో 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో సభకు వచ్చిన ఆదివాసులపై పోలీసులు కాల్పులు జరిపారు. మృతులు 13 మంది అని ప్రభుత్వం ప్రకటించింది. ప్రజాసంఘాలు ఆ సంఖ్యను అంతకు ఎన్నో రెట్లుగా చెప్పాయి. అక్కడి అమరుల స్తూపం ఒకసారి కూల్చివేతకు గురై, 1987లో మళ్ళీ నిర్మితమైంది.

ఇంతవరకు కథలో ఒక వైపు రాజ్యం, మరొక వైపు ఆదివాసి. ఇక్కడి నుండి మరొక సముదాయం ప్రవేశిస్తుంది. లంబాడాలు ఒకప్పుడు ఎడ్ల బిడారులపై ఉప్పు, ధాన్యం దేశమంతటికీ చేరవేసిన సంచార వర్తకులు. మొగలుల సైన్యాలకు దినుసులు అందించినవారు వారే. రోడ్లు, రైళ్ళు వచ్చి ఆ వృత్తిని కబళించాయి. ఆంగ్లేయుల పాలనలో నేరస్థ జాతుల చట్టం వారి మీద దొంగలనే ముద్ర వేసింది. బిడారు ఆగినచోట తండా వెలిసింది. అక్కడ కూడా దొరల వెట్టి తప్పలేదు. తెలంగాణ సాయుధ పోరాటంలో విసునూరు దేశముఖును ఎదిరించి ప్రాణం ఇచ్చిన జాటోతు ఠాను నాయక్ ఈ సముదాయంవాడే. వారి గోర్ బోలి గోండీ వలెనే లోకం పట్టించుకోని భాష. కనుక ఈ కథలో లంబాడాను పీడకుడిగా చిత్రించడం సత్యదూరం.

చిక్కు మరొకచోట ఉన్నది. 1956 నుండి ఆంధ్ర ప్రాంతంలో సుగాలీలు, లంబాడీలు షెడ్యూల్డు తెగల జాబితాలో ఉండగా, తెలంగాణలో లేరు. ఒకే రాష్ట్రంలో ఒకే సముదాయానికి రెండు గుర్తింపులు ఉండడం అసంగతమే. 1976లో పార్లమెంటు చేసిన సవరణ చట్టం ఆ ప్రాంతీయ పరిమితిని తొలగించింది. 1977 నుండి తెలంగాణ లంబాడాలు కూడా షెడ్యూల్డు తెగ అయ్యారు. సరిహద్దుకు ఆవల మహారాష్ట్రలో బంజారాలకు ఆ గుర్తింపు లేదు. అందుచేత అక్కడి నుండి ఇటు వలస పెరిగిందని ఆదిలాబాద్ ఆదివాసుల ఫిర్యాదు. అంతకన్న ముఖ్యమైన పరిణామం భూమి విషయంలో వచ్చింది. ‘వన్ ఆఫ్ సెవెంటీ’ చట్టం గిరిజనేతరులను అడ్డగించగలదు గాని, జాబితాలో ఉన్నవారిని అడ్డగించలేదు. కవచానికి ఉన్న తలుపు ఆ విధంగా తెరుచుకున్నది. 1982లో వెలువడిన తన గ్రంథంలో హైమన్‌డార్ఫ్ ఈ పరిణామంపై ఆందోళన వెలిబుచ్చాడు. 2011 జనగణన నాటికి తెలంగాణలోని షెడ్యూల్డు తెగల జనాభాలో మూడింట రెండు వంతులకు దగ్గరగా లంబాడాలే ఉన్నారు. విద్యలో ఒక అడుగు ముందున్న సముదాయం సీట్లలో, కొలువులలో ముందుండడం సహజం. వెనుకబడినవానికి అది సహజంగా తోచకపోవడమూ అంతే సహజం.

ప్రభుత్వం జాబితాను విస్తరించింది. భూమిని, కొలువులను ఆ మేరకు విస్తరించలేదు. ఒకే పళ్ళెంలో మరొకరికి వడ్డించి, వడ్డించినవాడు తప్పుకున్నాడు. ఆకలిగొన్నవారిద్దరూ ఒకరినొకరు చూసుకోవడం మొదలుపెట్టారు.

ఆ చూపు 2017లో ఘర్షణగా మారింది. లంబాడాలను షెడ్యూల్డు తెగల జాబితా నుండి తొలగించాలని తుడుందెబ్బ మొదలైన ఆదివాసీ సంఘాలు ఉద్యమించాయి. ఏజెన్సీ గ్రామాలలోని పాఠశాలలకు లంబాడా ఉపాధ్యాయులు రాకూడదని అడ్డగించారు. కొన్ని వారాల పాటు బోధన నిలిచిపోయింది. నష్టపోయినవారు గోండు, కోలాము పిల్లలే. డిసెంబరులో హైదరాబాదులో ఇరుపక్షాలవారూ పోటాపోటీగా భారీ సభలు జరిపారు. అదే నెల మధ్యలో కొమురం భీము విగ్రహానికి అవమానం జరిగిందన్న వార్త గుప్పుమనడంతో ఉట్నూరు ప్రాంతం భగ్గుమన్నది. రాళ్ళు రువ్వుకున్నారు, వాహనాలకు నిప్పు పెట్టారు. నిషేధాజ్ఞలు అమలులోకి వచ్చాయి. ఇంటర్నెట్ ఆగిపోయింది. వేలాది పోలీసులు మోహరించారు. సంతకు కలిసి వెళ్ళిన ఊళ్ళు ఒకదాని పొలిమేరలోకి మరొకటి వెళ్ళడానికి భయపడ్డాయి.

ఈ తగాదాలో ఏ వాదాన్నీ తేలికగా తోసివేయడానికి వీలులేదు. ఈ నేల మీద మొదటి హక్కు తమదని, జాబితా తమ పేరుతో ఏర్పడి తమకే దక్కకుండా పోతున్నదని ఆదివాసులు అంటారు. వారి అనుభవం అందుకు సాక్ష్యం ఇస్తున్నది. పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం లభించిన హక్కును వీధిలో రద్దు చేయడం కుదరదని, నాలుగు దశాబ్దాలుగా ఆ హక్కు మీద బ్రతుకు నిర్మించుకున్న తరాలను ఒక్కమాటుగా త్రోసివేయరాదని లంబాడాలు అంటారు. అందులోనూ న్యాయం ఉన్నది. జాబితాలో చేర్చడానికైనా, తొలగించడానికైనా రాజ్యాంగంలోని 342వ అధికరణం ప్రకారం పార్లమెంటుకే అధికారం. ఆ వివాదం అటుతరువాత సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఉభయులూ కోర్టు మెట్లెక్కడం, రాళ్ళు పట్టడం కన్న వేయి రెట్లు మేలు. కాని పాఠశాల గుమ్మంలో ఉపాధ్యాయుణ్ణి అతని పుట్టుకను బట్టి ఆపడం హక్కుల పోరాటం అనిపించుకోదు. విగ్రహాన్ని అవమానించడం కూడా అంతే.

ఉపాధ్యాయుల విషయంలో మరొక మలుపు ఉన్నది. షెడ్యూల్డు ప్రాంతాలలోని ఉపాధ్యాయ పదవులన్నీ స్థానిక గిరిజనులకే చెందాలని 2000 సంవత్సరం జనవరిలో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం మూడవ నంబరు ఉత్తర్వు ఇచ్చింది. గూడెం భాష తెలిసినవాడే గూడెం బడిలో నిలకడగా పనిచేస్తాడన్నది దాని ఆశయం. నూటికి నూరుపాళ్ళు రిజర్వేషను రాజ్యాంగ సమ్మతం కాదని సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న దానిని కొట్టివేసింది. పరస్పరం కలహించిన గోండులు, లంబాడాలు ఇద్దరూ ఆ తీర్పుతో ఒకేసారి నష్టపోయారు.

ఇటువంటి వివాదం ఎంతదూరం పోగలదో తెలుసుకోవాలంటే మణిపూర్‌ను చూడాలి. లోయలో ఉండే మెయితీలకు షెడ్యూల్డు తెగ హోదా ఇచ్చే విషయాన్ని పరిశీలించాలన్న హైకోర్టు ఆదేశానికి నిరసనగా 2023 మే 3న కొండప్రాంతాల తెగలు ఊరేగింపులు తీశాయి. ఆ దినమే మంటలు లేచాయి. రెండు వందలకు పైగా ప్రాణాలు పోయాయి. సుమారు 60 వేలమంది ఇళ్ళు విడిచి శిబిరాలలో తలదాచుకున్నారు. మెయితీ, కుకీ ప్రాంతాల మధ్య సాయుధ దళాలు కాపలా కాయవలసి వచ్చింది. అక్కడ కూడా పైకి కనిపించిన తగవు ఒక జాబితాను గురించినదే. దాని అడుగున భూమి ఉన్నది. కొండభూములను కొనే హక్కు ఎవరికి ఉండాలన్న భయం ఉన్నది. ఆదిలాబాద్‌కూ మణిపూర్‌కూ భేదం లేకపోలేదు. ఉట్నూరులో ఇరుపక్షాల చేతుల్లో తుపాకులు లేవు. గూడెం, తండా ఒకదాని ప్రక్క ఒకటి ఉండడమే గాని, ఒకరిది కొండ, మరొకరిది లోయ అనే విభజన లేదు. పత్తి అమ్ముకోవడానికి ఇద్దరూ వెళ్ళే మార్కెట్టు ఒక్కటే. అప్పు ఇచ్చే వ్యాపారి కూడా తరచు ఒక్కడే. ఆ కలగలుపు జీవనమే బహుశా అగ్గిని వ్యాపించనీయలేదు.

అయినా అది పూర్తిగా ఆరిందని అనలేము. 2024 సెప్టెంబరులో జైనూరులో ఒక ఆదివాసీ స్త్రీపై జరిగిన దాడి గురించి తెలిసినప్పుడు ఆగ్రహం నిందితునితో ఆగలేదు. అతని మతంవారి దుకాణాలు, ఇళ్ళు దెబ్బతిన్నాయి. పట్టణంలో కర్ఫ్యూ విధించారు. ఒక్కని నేరాన్ని అతని సముదాయానికంతటికీ అంటగట్టడం జాతివైరానికి మొదటి లక్షణం. ఈసారి ఎదుటి పక్షం వేరు. వరస మాత్రం 2017 నాటిదే.

ప్రత్యేక తెలంగాణ ఉద్యమాన్ని దీనితో పోల్చి చూడడం ఉపయుక్తం. 2001 మే 17న కరీంనగర్‌లో జరిగిన సింహగర్జన సభ నుండి 2014 జూన్ 2న రాష్ట్రావతరణ వరకు ఆ ఉద్యమం కోరినది కూడా దేశంలో అంతర్భాగంగా ఉంటూ స్వయంపాలనే. అవమానపు మాటలు, విగ్రహాల ధ్వంసం దానిలో లేకపోలేదు. యువకుల ఆత్మబలిదానాలు గుండెను కలచివేశాయి. అయినా ఉభయ ప్రాంతాల సామాన్యులు ఒకరి ఇళ్ళపై మరొకరు పడలేదు. నిర్ణయం ఆలస్యంగానైనా పార్లమెంటులో జరిగింది. మూడవ అధికరణం అనే మార్గం రాజ్యాంగంలో ముందే ఉండడం ఎంత మేలు చేసిందో దీనివల్ల తెలుస్తుంది. ఆ రాష్ట్రమే 2016లో ఒక జిల్లాకు కొమురం భీము పేరు పెట్టింది.

పేరు పెట్టడం వేరు. భీము అడిగినది ఇవ్వడం వేరు. 1996 నాటి ‘పెసా’ చట్టం షెడ్యూల్డు ప్రాంతాలలో గ్రామసభకు తన వనరులపై, ఆచారాలపై, తగవుల పరిష్కారంపై అధికారం ఇచ్చింది. గోండుల రాయి సెంటర్లలో పెద్దలు నేటికీ తగవులు తీరుస్తున్నారు. కాని ‘పెసా’ నియమావళి ఉమ్మడి రాష్ట్రంలో 2011లో గాని వెలువడలేదు. పదిహేనేళ్ళు ఒక చట్టం నియమాలు లేకుండా గడిపిందంటే ఆ ప్రజల మాటకు కచేరీలలో ఉన్న విలువ ఎంతో ఊహించవచ్చు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద పోడు పట్టాలు కూడా వాయిదాల మీద వాయిదాలుగా వచ్చాయి. 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో ప్రారంభమైన పంపిణీలో రాష్ట్రం మొత్తం మీద సుమారు 4 లక్షల ఎకరాలకు పట్టాలు ప్రకటించారు. వాటిని అందుకున్నవారిలో గోండులూ ఉన్నారు, లంబాడాలూ ఉన్నారు.

‘మావ నాటే మావ రాజ్’ అని గోండులు నినదిస్తారు. మా ఊళ్ళో మా రాజ్యం అని దాని అర్థం. ‘మా తండాలో మా రాజ్యం’ అన్నది లంబాడాల చిరకాల నినాదం. రెండు భాషలలో పుట్టిన ఈ రెండు నినాదాలూ ఒకదానికొకటి అనువాదాల వలె ఉన్నాయి. ఏ ఒక్కటీ రెండవదానిని కాదనడం లేదు. తన ఊరి మీద తనకు అధికారం కావాలనే కోరికకు పొరుగు ఊరిని ఖాళీ చేయించవలసిన అవసరం లేదు. 2018 పంచాయతీరాజ్ చట్టంతో వెయ్యికి పైగా గూడేలు, తండాలు విడి విడి గ్రామపంచాయతీలయ్యాయి. అంతవరకు పెద్ద ఊరి సర్పంచు దయ మీద ఆధారపడిన చోట్ల 2019 జనవరిలో తొలిసారి తమవారే సర్పంచులయ్యారు. వీధిదీపం, మంచినీళ్ళ బోరు, బాట వంటివి వారి చేతిలోకి వచ్చాయి. భూమి, అడవి, జాబితా మాత్రం ఇంకా వారి చేతికి అందని ఎత్తులోనే ఉన్నాయి.